నిప్పు తెలియని చెయ్యి

మార్చి 4, మంగళవారం

ముందు వాసన వచ్చింది. నొప్పి రాలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికి కూడా రాలేదు.

నా ఇస్త్రీ కొట్లో చొక్కా కాలరు మీద స్టీమ్ పెట్టె నడుపుతూ ఆదివారం ప్రసంగం పైకే చెప్పుకుంటున్నాను. నా అలవాటే అది. బట్ట మడతలు విడుతుంటే వాక్యం మడతలు కూడా విడతాయి. ఎడమ చేత్తో కాలరు లాగి పట్టుకున్నాను. మాట మంచి జోరు మీద ఉంది. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న మా బావమరిది ముక్కు ఎగబీల్చి, బావా ఏదో మాడుతోంది, పాలిస్టరా అని అడిగాడు. కిందికి చూశాను. పెట్టె అంచు నా చిటికెన వేలి పక్కన, అరచేతి అంచు మీద ఆనుకుని ఉంది. మాడుతున్నది నేను.

లాగాను. తోలు కొంచెం పెట్టెకి అంటుకుని వచ్చింది.

బావమరిది వడ్రంగి. గొంతు రంపపుకోతలా ఉంటుందని మా ప్రార్థన హాల్లో అందరూ వాణ్ని రంపం అంటారు. వాడు నా చెయ్యి పట్టుకుని చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ చెయ్యి చూశాడు. బావా నువ్వు అబ్బా అని కూడా అనలేదు అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి వాడికి. భయపడ్డాడనుకున్నాను. కాదు. ఉతకని బట్టల మూటల మధ్య మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టాడు.

భయపడింది నేను.

మార్చి 5

బొబ్బ ఉబ్బింది. సూదితో గుచ్చి నీళ్లు తీశాను. ఎవరి చేతినో గుచ్చినట్టుంది.

మార్చి 6, ఉదయం

కాలిన చోటుకి పైన, మణికట్టు దాకా, పాత మచ్చ ఒకటి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలీదు. ఇంటావిడ శోభి అంది. ఏదో ఆయింట్‌మెంట్ రాసింది, మానేసింది, మళ్లీ రాసింది. మచ్చ తెల్లగా లేదు. పదేపదే ఉతికి వెలిసిపోయిన బట్టలా ఉంది. చెమట పట్టదు అక్కడ. పెట్టె దగ్గర ఒళ్లంతా కారిపోతున్నా ఆ ముక్క పొడి. పూర్వం ఒక యోధుడు దేవుణ్ని గురుతు అడిగి కళ్లంలో ఉన్ని పరిచాడు, చుట్టూ మంచు కురిసినా ఆ ఉన్ని మాత్రం తడవలేదు. అదే గుర్తొచ్చింది నాకు.

గుర్తొచ్చినందుకు సంతోషించాను. సంతోషం కింద ఇంకేదో ఉంది. దాన్ని చూడలేదు.

మార్చి 9, ఆదివారం

మా హాలు టైర్ల కొట్టు వెనక. కిటికీలన్నీ సందులోకే. రబ్బరు వాసనలోనే మా ఆరాధన. రంపం లేచి సాక్ష్యం చెప్పాడు. పెట్టె అరగంట ఆనింది అన్నాడు. అరగంట ఆనితే ఈపాటికి నాకు చెయ్యే ఉండేది కాదు. సరిదిద్దుదామనుకున్నాను. అప్పటికే వెనక బెంచీల్లో ఏడుపు మొదలైంది.

అగ్నిగుండంలో కాలకుండా నడిచిన ముగ్గురి మీద చెప్పాను. నేను చదువుకున్నవాణ్ని కాను. నాకు ఉన్నదల్లా ఈ గ్రంథమూ ఈ గొంతూ. గొంతు నన్ను దాటి పోయింది. చెయ్యి పైకెత్తాను. ఇది స్పర్శ పొందిన చెయ్యి అన్నాను. దేహం మీద తెల్లబడిన చోటల్లా ఆయన వేలు ఆనిన చోటు అన్నాను. ఆ మాట నేను తయారు చేసుకున్నది కాదు. దానంతట అదే వచ్చింది.

తర్వాత అందరూ ఆ చేత్తోనే ఆశీర్వదించమని వరస కట్టారు. తలల మీద రెండు చేతులూ పెట్టాను. కుడి చేతికి ఎవరి జుట్టు నూనెగా ఉందో, ఎవరిది బిరుసుగా ఉందో తెలుస్తోంది. ఎడమ చేతికి, చిటికెన వేలి వైపు, తల లేదు. గాలి మీద పెట్టినట్టే ఉంది. ఒక్కో తలకీ నా గొంతు పెరిగింది. అది ఆత్మ అనుకున్నారు వాళ్లు. భయపడ్డ కుక్కే ఎక్కువ మొరుగుతుంది.

మార్చి 11

గ్రంథంలో మచ్చల అధ్యాయం ఉంది. పొడుగైనది. ఎవరూ దాని మీద ప్రసంగించరు. తలుపు వేసుకుని చదివాను.

మచ్చ ఉన్నవాణ్ని యాజకుడు చూడాలి. తెల్లగా ఉందా. అందులో వెంట్రుకలు తెల్లబడ్డాయా. చుట్టూ చర్మం కంటే పల్లంగా ఉందా. పచ్చి మాంసం కనిపిస్తోందా. అనుమానమైతే వారం కడగా ఉంచి మళ్లీ చూడాలి.

నేనే యాజకుణ్ని, నేనే మచ్చవాణ్ని. కిటికీ దగ్గర వెలుతురులో చెయ్యి పెట్టాను. తెల్లగా లేదు, వెలిసి ఉంది. పల్లం లేదు, గోరుతో తడిమి చూశాను. పచ్చి మాంసం ఉంది, కానీ అది పెట్టె చేసిన పని. వెంట్రుకలు తెల్లబడలేదు. అసలు వెంట్రుకలే లేవు. లేని వెంట్రుక తెల్లదా నల్లదా, గ్రంథం చెప్పలేదు.

శుద్ధుడివి అని తీర్పు చెప్పాను. పైకే, గట్టిగా. ఇంటావిడ వంటింట్లోంచి ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగింది. నాతోనే అన్నాను. ఏమంటున్నారాయన అంది.

ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను. మా అమ్మ దాన్ని పెద్దరోగం అనేది. అది కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మార్చి 16, ఆదివారం

సంగతి ఊరంతా పాకింది. ఒంటి మీద ఏదున్నా హాలుకే వస్తున్నారు. మనుషులు చొక్కాల కింద ఇంత దాచుకుని తిరుగుతున్నారని నాకు తెలీదు. నేను ఇన్నాళ్లూ ఇస్త్రీ చేసింది చొక్కాలు కాదు, మూతలు.

బస్సు డ్రైవరు నడుం చూపించాడు. బెల్టు కింద గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో మానినట్టు. తామర అండీ, సీటు వేడికి అన్నాడు. రంపం ఊరుకోడు కదా, పువ్వు బాగానే విచ్చుకుంది అన్నాడు. డ్రైవరు గోక్కుంటూనే నవ్వాడు. ఒక కాలేజీ పిల్ల మొహమంతా మొటిమలు, కన్నీళ్లు వాటి మధ్య దారి వెతుక్కుంటూ జారాయి. రిటైరైన లెక్కల మాస్టారు నల్లకోటు వేసుకొచ్చాడు, భుజాల మీద పొట్టు. కోటు తీసి మోచేతులు చూపిస్తే మందంగా, వెండి పెచ్చులు. కూర్చున్న కుర్చీ దులుపుకుని మరీ లేస్తానండీ, అయినా మా కోడలు కుర్చీ కడుగుతుంది అన్నాడు. ఇది ఎవరికీ అంటదని చెప్పినా నమ్మదట.

అందరి మీదా చెయ్యి పెట్టాను.

ఆఖర్న బేకరీ చెల్లెలు వచ్చింది. టైర్ల కొట్టు పక్క బేకరీలో ట్రేలు తీసే మనిషి. పొద్దున్నే ఆవిడ బన్నుల వాసన రబ్బరు వాసనని గెలుస్తుంది. ఎప్పుడూ పొడుగు చేతుల బ్లౌజు వేసుకునే మనిషి, ఈరోజు చేతులు మడిచి వచ్చింది. రెండు చేతుల మీదా బొల్లి. వేళ్ల మీద, మణికట్టు చుట్టూ, పాల తెలుపు, ఎవరో సున్నంతో గీసినట్టు స్పష్టమైన అంచులు. అయ్యగారూ, తెల్లబడిన చోటల్లా ఆయన వేలు ఆనిన చోటు అన్నారు కదా, మరి నాది కూడా ముద్రేనా అని అడిగింది. ఇన్నాళ్లూ బన్నులు కొనేవాళ్లు నా చేతుల వంక చూసి పక్క కొట్టుకి పోయేవాళ్లు అంది.

ఆవిడ మొహంలో అంత వెలుగు చూసి కాదని అనలేకపోయాను. ఔననీ అనలేదు. చెయ్యి ఆవిడ తల మీద పెట్టాను. అది ఔననడమే.

మార్చి 19

బొత్తాం పెట్టుకోలేకపోయాను. పావుగంట తంటాలు పడ్డాను. ఇంటావిడ వచ్చి పెట్టింది. నిప్పుకి లొంగని చెయ్యి బొత్తానికి లొంగిందే అని నవ్వింది. నవ్వుతూ నా చిటికెన వేలు నిటారుగా లాగింది. వదిలితే మళ్లీ ముడుచుకుంది. మళ్లీ లాగింది. ముడుచుకుంది. నవ్వడం మానేసింది.

బట్టల బ్రష్ పడేశాను రెండుసార్లు. పడిందని చప్పుడు వల్లే తెలిసింది.

మార్చి 20

చిటికెన వేలు పక్క వేలి దగ్గరికి చేరట్లేదు. అలిగిన చుట్టంలా దూరంగా నిలబడుతోంది.

మార్చి 23, ఆదివారం

రంపం నన్ను అడక్కుండానే ప్రకటించేశాడు. వచ్చే ఆదివారం ఇస్త్రీ పెట్టె హాల్లోకి తెస్తాడట. ప్రసంగ వేదిక మీదే వేడెక్కించి, అందరి ముందూ అయ్యగారు చెయ్యి ఆనిస్తారట. నమ్మనివాళ్లని పిలుచుకు రండి అన్నాడు. వైరు చాలదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు నేను పట్టుకొస్తా బావా అన్నాడు, అదొక్కటే అడ్డంకి అన్నట్టు.

ఇంటికొస్తూ దారిలో వాడితో అన్నాను, దేవుణ్ని శోధించకూడదురా అని. శోధన కాదు బావా, ప్రదర్శన అన్నాడు. నీకెలాగూ నొప్పి తెలీదు కదా, నీకేం పోయింది అన్నాడు.

అదే కదా. నాకేం పోయింది. రెండు వారాలుగా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాను, లోపలికి పోవట్లేదు. నొప్పి తెలీదు, కానీ కాలింది. కాలకుండా ఉండలేదు. గుండంలోంచి వచ్చిన ఆ ముగ్గురి మీద పొగ వాసన కూడా లేదని ఉంది. నా చెయ్యి మాడు వాసన వచ్చింది. ఇరవైమందికి ప్రసంగం చెప్పేవాణ్ని, ఈ తేడా ముందు చూడవలసింది నేను కాదా. పుండు ఇంకా మానలేదు. అంచున పసుపు కడుతోంది. దానికీ నొప్పి లేదు. నొప్పి లేని పుండు అంటే కాపలా లేని ఇల్లు.

మార్చి 25, మంగళవారం, మధ్యాహ్నం

బేకరీ చెల్లెలు చెయ్యి కాల్చుకుంది. కావాలని.

పొద్దున ఓవెన్‌లోంచి తీసిన ట్రే మీద కుడి అరచెయ్యి ఆనించిందట. నలుగురూ చూస్తుండగా. ముద్రపడ్డ చెయ్యికి నిప్పు తెలీదని. అరుపు టైర్ల కొట్టు దాటి నా కొట్టు దాకా వినిపించింది. నేను పెట్టె ఆర్పకుండానే పరిగెత్తాను.

అదే రోజు, సాయంత్రం

చర్మం క్లినిక్‌లో కట్టు కట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నొప్పికి వణుకుతోంది, పళ్లు టకటకమంటున్నాయి. అంత నొప్పిలోనూ నా వంక చూసి, నా విశ్వాసం చాల్లేదు అయ్యగారూ అంది. క్షమించమని అడిగింది. నన్ను.

ఎవరికీ చెప్పొద్దంది. హాల్లో తెలిస్తే అందరి విశ్వాసం సన్నగిల్లుతుందట.

ఏం చెయ్యాలో తెలీక అలవాటుగా ఎడమ చెయ్యి ఆవిడ నుదుటి మీద పెట్టి ప్రార్థన మొదలుపెట్టాను. డాక్టరమ్మ కట్టు కడుతున్నది ఆగి నా చెయ్యి చూసింది. ముఖం కాదు, చెయ్యి. ప్రార్థన అయ్యేదాకా ఆగింది. తర్వాత మీరు ఒకసారి లోపలికి రండి అంది.

బయట బెంచీ మీద బస్సు డ్రైవరు ఉన్నాడు. నన్ను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తలకిందులుగా.

లోపల గోడ మీద బొమ్మ. చర్మాన్ని కేకు ముక్కలా కోసి చూపించారు. డాక్టరమ్మ నా చేతిని తన చేతిలోకి తీసుకుంది. వయసులో చిన్నది, మా అన్న కూతురంత ఉంటుంది. కళ్లు మూసుకోమంది. ఇక్కడ స్పర్శ ఉందా అని అడిగింది. ఆ మాట ఆవిడ నోట వినగానే నా గొంతు గంభీరమైపోయింది. ఉందమ్మా, ఆయన స్పర్శ ఉంది అన్నాను. దేవుడిది కాదండీ, నా పెన్నుది అంది.

కళ్లు తెరిచాను. పెన్ను మొన నా మచ్చ మీద నొక్కి ఉంది. గుంట పడేలా.

మళ్లీ మూసుకోమంది. తగిలినప్పుడల్లా చెప్పమంది. ఇప్పుడు అన్నాను, ఇప్పుడు అన్నాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంకా మొదలెట్టలేదా అని అడిగాను. అయిపోయింది అంది.

మోచెయ్యి వెనక వేలితో తడిమింది. నరం తాడులా లావైంది, మీరే చూడండి అని నా వేలు అక్కడ పెట్టింది. ఔను. తాడే. నాలో ఇంత తాడు ఉందని నాకు తెలీదు.

అప్పుడు ఆ పేరు చెప్పింది. మామూలుగా, జలుబు పేరు చెప్పినట్టు. కుష్ఠు. రాసేశాను. రాస్తే పెన్ను కాలిపోతుందనుకున్నాను, కాలలేదు.

నేను వాదించాను. గ్రంథం ప్రకారం పరీక్షించుకున్నాననీ, వెంట్రుక తెల్లబడలేదనీ, పల్లం లేదనీ. ఆవిడ నవ్వలేదు. మీ గ్రంథం రంగు చూడమంది, నేను తోలుకి స్పర్శ తెలివి ఉందా లేదా చూస్తాను, రెండూ వేరువేరు సంగతులు కావచ్చు కదా అంది. గోడ దగ్గరికి తీసుకెళ్లింది. పై పొరలో నెత్తురు లేదట. అడుగున పుట్టిన కణాలు పైకి తోసుకుంటూ వచ్చి, చదునై, చచ్చి, రాలిపోతాయి, నెలకి అటూ ఇటూగా. మనం ఒకరిలో ఒకరం చూసేది చచ్చిన తోలేనట. లెక్కల మాస్టారి పొట్టు గురించి అడిగాను, ఆయనకి ఆ నెల ప్రయాణం నాలుగైదు రోజుల్లో అయిపోతోంది, అందుకే ఆ పొట్టు. డ్రైవరుది ఆ చచ్చిన పొరని తినే బూజు. ఆ పై పొర అడుగునే రంగు చేసే కణాలు. బేకరీ చెల్లెలికి పోయింది అవి మాత్రమే. రంగు పోయింది, తెలివి పోలేదు. దాని కింద రెండో పొర. నెత్తురు, చెమట గ్రంథులు, వెంట్రుక వేర్లు, నరాల కొనలు. నాకు పోయింది అక్కడ.

గ్రంథంలో దేవుడి గుడారం ఉంది, బయటి ఆవరణం, లోపలి గుడారం, తెర వెనక స్థలం. నాకు అలాగే కనిపించింది. బేకరీ చెల్లెలికి బయటి గోడ సున్నం వెలిసింది. నాకు లోపల దీపం ఆరింది.

ఇద్దరి మచ్చలనీ ఒకే మాటతో కలిపేశాను నేను.

డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పింది. సంవత్సరం మాత్రలు వాడాలి. నయమవుతుంది. ఇది ముట్టుకుంటే అంటేది కాదట, మందు పడ్డాక అంటించే గుణం దాదాపు పోతుందట, అసలు చాలామంది ఒంటికి ఇది పట్టనే పట్టదట. పోయిన తెలివి మాత్రం తిరిగి రాకపోవచ్చు. ఉన్నది కాపాడుకోవాలి. మీ ఇంటావిణ్ని కూడా తీసుకుని రండి, ఆవిణ్ని చూడాలి, మొదటి మాత్రలు నా ఎదుటే వేసుకోవాలి అంది.

సరే అన్నాను. వెనక గుమ్మంలోంచి వచ్చేశాను.

మార్చి 26

భయం. పొద్దుట్నించీ అదే పని.

ఇంటావిడ అన్నం పెడితే నా కంచం నేనే కడిగాను. నా తువ్వాలు వేరే కొక్కేనికి తగిలించాను. ఆవిడ పక్కన కూర్చుంటే లేచాను. గ్లాసు అందిస్తే కింద పెట్టమన్నాను. ముప్పై ఏళ్లు ఒక మంచం. ఆవిడ ఒంటి మీద ఎక్కడ ఏ మచ్చ ఉందో నాకు తెలుసు, మెడ వెనక పుట్టుమచ్చ, మోకాలి మీద చిన్నప్పటి గాటు. కొత్తది ఉందేమో చూడాలని ఉంది. చూడాలంటే భయంగా ఉంది.

హాల్లో నేను చెయ్యి పెట్టిన తలలు గుర్తొస్తున్నాయి. ఒక్కొక్కటీ. డాక్టరమ్మ అలా అంటదని చెప్పింది. విన్నాను. అయినా లెక్కల మాస్టారి కోడలిలాగే నేనూ మనసులో కుర్చీలు కడుగుతున్నాను.

ఆదివారం దగ్గరికొస్తోంది. చెయ్యి ఆనిస్తే ఏమీ తెలీదు. అందరూ చూస్తారు, నమ్ముతారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మాత్రలు దొంగచాటుగా వేసుకోవచ్చు. నిజంగా ఆలోచించాను ఇది. ఎంత తేలికో కూడా చూశాను.

మార్చి 27

ఇంటావిడ నిలదీసింది. నేను చేసిన తప్పేంటో చెప్పండి, తువ్వాలు కూడా నా పక్కన ఉండనంటోంది అంది. చెప్పేశాను. పేరుతో సహా.

పొయ్యి కట్టేసింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. శోభి అన్నది నేనే కదా అంది. ఆయింట్‌మెంట్ రాసింది నేనే కదా అంది. ఏడుస్తుందనుకున్నాను, తిట్టడం మొదలుపెట్టింది. ఊళ్లోవాళ్ల ఒళ్లన్నీ తడిమారు, సొంత ఒళ్లు ఒక్కసారి డాక్టరుకి చూపించడానికి తీరిక దొరకలేదు అంది. మీకు తోలుమందం అని పెళ్లైన కొత్తలోనే అన్నాను, ఇంత నిజమవుతుందనుకోలేదు అంది. అప్పుడు ఇద్దరం నవ్వాం.

నా ఎడమ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నాకు సగమే తెలిసింది.

మార్చి 28

క్లినిక్. ఇంటావిణ్ని తల నుంచి కాళ్ల దాకా చూశారు. ఏమీ లేదు. ఏమీ లేదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది, నేను మూడోసారి అడిగితే ఇంటావిడ చెప్పింది.

మాత్రలు వేసుకున్నాను. గొంతులో అడ్డం పడ్డాయి.

మార్చి 29, పొద్దున

మూత్రం ఎర్రగా వచ్చింది. నది నీళ్లు నెత్తురైన కథ నేను ఎన్నిసార్లు చెప్పుంటాను. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇంటావిడ తలుపు కొట్టి, ఎర్రగా వచ్చిందా, మందు రంగేనట, నిన్న డాక్టరమ్మ చెప్తుంటే మీరు గోడ మీద బొమ్మ చూస్తున్నారు అంది.

రేపు ఆదివారం.

మార్చి 30, ఆదివారం

హాలు నిండింది. గుమ్మంలో కూడా నిలబడ్డారు. రంపం పెట్టె వేదిక మీద పెట్టి స్విచ్చి వేశాడు. చిన్న ఎర్రలైటు వెలిగింది. అందరూ ఆ లైటునే చూస్తున్నారు.

బేకరీ చెల్లెలు ముందు బెంచీలో ఉంది. కట్టు మీద శాలువా కప్పుకుంది, ఎవరికీ కనబడకుండా. నన్ను కాపాడుతోంది ఆవిడ.

గ్రంథం తెరిచాను. మచ్చల అధ్యాయం. చదివాను. జీవితంలో మొదటిసారి నా గొంతు వెనక బెంచీకి చేరలేదు, గట్టిగా గట్టిగా అని ఎవరో అన్నారు. అప్పుడు చెప్పాను. నాది ముద్ర కాదు. జబ్బు. పేరు ఇది. మందు మొదలుపెట్టాను. నిప్పు నన్ను గౌరవించలేదు, నా నరం చచ్చిపోయింది కాబట్టి నాకు కబురు అందలేదు, అంతే. పోయిన ఆదివారాలు నేను చెప్పింది నాకు తెలియక చెప్పింది. తెలిసినట్టు చెప్పాను.

తర్వాత బెంచీల కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడు. ముందు వరస వెనక్కి జరిగింది. ఒకామె తన కొడుకు నుదురు రుమాలుతో తుడిచింది, ఎప్పుడో రెండు వారాల కిందట నేను చెయ్యి పెట్టిన నుదురు. నేను చూస్తున్నానని చూసి ఆగింది. మళ్లీ తుడిచింది. డాక్టరమ్మ చెప్పినవి చెప్పాను, అంటదని, భయం లేదని. భయం లేదని చెప్తున్నవాడే చెయ్యి వెనక దాచుకుంటే ఎవరు నమ్ముతారు.

జరగనిది బేకరీ చెల్లెలు ఒక్కతే. శాలువా తీసేసింది. కట్టు అందరికీ కనబడింది. మరి నాది అని అడిగింది.

నీది ఒట్టి రంగమ్మా అన్నాను. రంగు పోయింది, ఇంకేమీ పోలేదు. నీ తోలుకి తెలివి ఉంది. అది కాలింది, అరిచింది. అది చెయ్యవలసిన పని అది చేసింది.

అయితే నా విశ్వాసం తక్కువై కాదా అంది.

కాదమ్మా.

కట్టు చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఏడవలేదు. ఆ మాట ముందు ఆదివారం చెప్పుంటే నాకు చెయ్యి ఉండేది కదా అయ్యగారూ, పిండి ఎవరు పిసుకుతారు ఇప్పుడు అంది. గొంతు పెంచలేదు. ధర అడిగినంత మామూలుగా అడిగింది. జవాబు కోసం వాక్యంలో వెతకలేదు.

రంపం వచ్చి పెట్టె స్విచ్చి తీశాడు. వైరు చుడుతూ నిలబడ్డాడు. చుట్టడం అయిపోయినా చుడుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ 3

రంపం ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. వాళ్లక్క, రా, నిన్ను కొరకడు అంది. లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. కొన్ని ఆదివారాలు నువ్వు రావద్దు బావా, జనం కుదుటపడేదాకా అన్నాడు. వాక్యం ఎవరు చెప్తారు అన్నాను. నేనే చదువుతా, చెప్పడం నాకు రాదు, చదువుతా అన్నాడు. సరే అన్నాను. మంచినీళ్లు ఇస్తే తాగాడు. గ్లాసు పెదవులకి ఆనించకుండా ఎత్తి పోసుకున్నాడు. గడ్డం మీదా చొక్కా మీదా పడ్డాయి. తుడుచుకోకుండా వెళ్లిపోయాడు.

బేకరీ కొట్లో ఈవారం ఇంటావిడ పిండి పిసుకుతోంది. అడిగి వెళ్లింది. బేకరీ చెల్లెలు పక్కన నిలబడి అదెలా పిసకడం, బట్టలుతుకుతున్నావా అని తిడుతోందట. నన్ను మాత్రం అటు రావద్దని ఆ చెల్లెలు చెప్పి పంపింది.

ఏప్రిల్ 6, ఆదివారం

మచ్చవాడు పాళెం బయట ఉండాలని గ్రంథంలో ఉంది. పాళెం బయట అంటే టైర్ల కొట్టు పక్క సందు.

కిటికీ కింద నిలబడ్డాను. చెయ్యి జేబులో ఉంది, ఉందని చూసి తెలుసుకున్నాను. లోపల రంపం వంశావళి చదువుతున్నాడు. ఒక పేరు దగ్గర తడబడి తప్పు చదివాడు. నోరు ఆగలేదు. బయటినుంచి సరిదిద్దాను. లోపల అంతా ఆగిపోయింది.

రంపం ఆ పేరు మళ్లీ చదివాడు, సరిగ్గా. ముందుకు పోయాడు. తర్వాతి కష్టమైన పేరు దగ్గర తనంతట తనే ఆగాడు, నేను చెప్పేదాకా.